బెజవాడ నుంచి నల్లరాతి బాట దాకా: గడ్డకట్టిన లావా నేల మీద ఆఫ్‌రోడ్ డ్రైవింగ్

అగ్నిపర్వతం అనగానే మన కళ్ల ముందు కదిలేది టీవీలో చూసిన ఎర్రటి లావా. మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కేది అండమాన్‌లోని బ్యారెన్ ద్వీపం ఒక్కటే. అక్కడ మనిషినే దిగనివ్వరు, ఇక బండి మాట దేవుడెరుగు. కానీ చల్లారి గడ్డకట్టిన లావా మీద బండి తోలాలన్న సరదా ఉంటే బెజవాడ, గుంటూరు వాళ్లకు అదేమీ అందని మానిపండు కాదు. తెల్లవారకముందే లేచి ఎన్‌హెచ్ 65 పట్టుకుంటే హైదరాబాద్ 275 కిలోమీటర్లు, అక్కడి నుంచి వికారాబాద్ ఇంకో 75. మధ్యాహ్నం భోజనాల వేళకి అనంతగిరి కొండల దగ్గర ఉంటారు.

దక్కన్ పీఠభూమిని కప్పిన లావా పొరలకు తూర్పు అంచు ఆ ప్రాంతం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొర మీద పొరగా పారిన ఆ లావా ఇవాళ్టికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. రాజమండ్రి పక్కన కాతేరులో, కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి కూడా ఆ కుటుంబమే. పడమటి నుంచి పాత నదీ లోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. అంతెందుకు, మహాబలేశ్వర్ దగ్గర పుట్టే కృష్ణమ్మ డెల్టాకు మోసుకొచ్చిన నల్ల ఒండ్రులో ఆ బసాల్ట్ (లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి) అరుగుడు వాటా కూడా ఉంది. మన పొలాల్లో వానాకాలం చెప్పులు ఊడబీకే బంకమట్టికి ఆ లావాతో చుట్టరికం ఉందన్నమాట.

ఇంద్రకీలాద్రి, కొండపల్లి కొండలు మాత్రం వేరే జాతి. ఖోండలైట్, చార్నొకైట్ లాంటి రాళ్లు, వయసులో ఈ లావా కంటే ఎన్నో రెట్లు పెద్దవి. కొండపల్లి గుట్టల్లో బండి తోలిన అనుభవం పనికొస్తుంది కానీ బసాల్ట్ తీరు వేరు. బసాల్ట్ విరిగితే పలకలుగా, పదునైన అంచులతో విరుగుతుంది. ఆ అంచు టైరు అడుగున తగిలితే ఫరవాలేదు, పక్కన తగిలితే ప్రయాణం అక్కడితో సరి. అందుకే ఈ గైడ్‌లో ఇంజిన్ బలం గురించి తక్కువ, టైరు గురించి ఎక్కువ ఉంటుంది.

ముందుగా: బండి సరిపోతుందా?

ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందడం ఒక్కటే కాదు, లో రేంజ్ గేరు ఉందా అన్నది చూడాలి. మహీంద్రా థార్‌లో ఫోర్ బై ఫోర్ మోడల్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, వీటన్నిటికీ ఉంది. లో రేంజ్‌లో పెడితే చక్రానికి అందే బలం రెండింతలు, అంతకు పైనే పెరుగుతుంది. వేగం ఆ మేరకు తగ్గుతుంది. రాతి మీద మనకు కావలసింది సరిగ్గా అదే, నడిచే మనిషి కంటే నెమ్మదిగా పాకడం.

నేలకీ బండి అడుగుకీ మధ్య ఎడం జిమ్నీకి 210 మిల్లీమీటర్లు, థార్‌కి 226. ఈ 16 మిల్లీమీటర్ల తేడా గురించి ఫ్రెండ్స్ మధ్య జరిగే వాదనలకు అంతు ఉండదు. నన్నడిగితే, రాయి ఎక్కడుందో చూసి చక్రం పెట్టగలిగినవాడికి 210 చాలు, చూడనివాడికి 250 కూడా చాలదు.

క్రెటా, బ్రెజా లాంటి బండ్లలో టూ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు గ్రావెల్ బాట దాకా నిశ్చింతగా రావచ్చు. రాతి మెట్లు మొదలయ్యే చోట బండి పక్కన పెట్టి నడవాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఒక హెచ్చరిక. థార్, జిమ్నీల్లో ఉన్నది అవసరమైనప్పుడు మాత్రమే పెట్టుకునే ఫోర్ వీల్ డ్రైవ్. తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద అది పెట్టి మలుపులు తిప్పితే ముందు, వెనక చక్రాల మధ్య బిగుసుకుపోయి గేర్ భాగాలు దెబ్బతింటాయి. మట్టి మీదకు దిగాకే వేయాలి. లో రేంజ్‌కి మార్చేటప్పుడు బండి పూర్తిగా ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి వేయండి.

ఇక ఆటోనగర్. అక్కడ మన బండికి చేయలేని పని అంటూ లేదు, చేయించకూడని పనులు మాత్రం ఉన్నాయి. ఇంజిన్ కిందా, గేర్‌బాక్స్ కిందా మంచి మందం ఇనప రేకు బిగించే పని అక్కడ బాగా చేస్తారు, అది చేయించండి. ముందూ వెనకా లాగుడు హుక్కులు ఛాసిస్‌కి బోల్టులతో గట్టిగా ఉన్నాయో లేదో చూపించండి. బుల్‌బార్ (ముందు బంపరుకి బిగించే ఇనప గొట్టాల చట్రం) వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని తీసేయించమని రాష్ట్రాలకు రాసింది. బండి ఎత్తు పెంచే కిట్‌లు, పైకప్పు మీద లైట్ల వరసలు ఫోటోలకి బాగుంటాయి. ఆ డబ్బు టైర్ల మీద పెడితే బండి ఇంటికి వస్తుంది.

టైర్లు: ఇక్కడ తొందర పడొద్దు

కంపెనీ నుంచి వచ్చే హైవే టైరు పక్క గోడ పల్చగా ఉంటుంది. ఆల్ టెరైన్ రకం టైరులో ఆ గోడ మందంగా, గాళ్లున్న పట్టీ పక్కల దాకా దిగి ఉంటుంది. బసాల్ట్ బాట మీద రోజంతా తిరగాలంటే ఆల్ టెరైన్ వేయించుకోవడం మేలు. పూర్తి మడ్ టైర్లు మాత్రం అనవసరం. హైదరాబాద్ దాకా రోడ్డు మీద హోరు భరించాలి, వాన పడితే తడి తారు మీద పట్టు తక్కువ.

స్టెప్నీ అసలు టైరు సైజులోనే ఉండాలి. దాంట్లో గాలి ఉందో లేదో బయల్దేరే ముందు రోజు చూడండి. స్టెప్నీ గాలి సంగతి మనకు గుర్తొచ్చేది అది అవసరం పడినప్పుడే కదా. పంక్చర్ కిట్‌లో ఉండే ప్లగ్ టైరు అడుగున పడ్డ చిల్లుకే పనిచేస్తుంది. పక్క గోడ కోసుకుపోతే ఏ ప్లగ్గూ ఆపదు, స్టెప్నీ ఒక్కటే దిక్కు. అందుకే రెండు బండ్లు, వీలైతే ఒకే మోడల్ బండ్లు కలిసి వెళ్తే స్టెప్నీలు రెండవుతాయి.

ఇప్పుడు గాలి తగ్గించే పని. రోడ్డు మీద ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. గ్రావెల్, గతుకుల బాట మొదలయ్యే చోట 26 నుంచి 28 పీఎస్‌ఐకి దించండి. రాతి మీద 22 నుంచి 25. మెత్తటి ఇసుకలో 15 నుంచి 18 దాకా వెళ్లొచ్చు. అంతకన్నా దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది.

గాలి తగ్గితే టైరు నేలకు ఆనే మేర పొడుగవుతుంది, రాయి తగిలినప్పుడు లోపలికి నొక్కుకుని దాన్ని పట్టుకుంటుంది. మరి రాతి మీద కూడా 15కి దించేస్తే ఇంకా మంచిది కదా అని కొందరికి తోస్తుంది. సాధారణ గుండ్రాళ్ల మీద అది కొంతవరకు నిజమే. బసాల్ట్ మీద కాదు. గాలి మరీ తగ్గితే టైరు కింద ఉబ్బి, పక్క గోడ చక్రం వెడల్పు దాటి బయటికి వస్తుంది. ఆ ఉబ్బు సరిగ్గా రాతి అంచుకి ఎదురుగా నిలబడుతుంది. కోత ఎలా పడుతుందో దగ్గర్నుంచి చూస్తే అర్థమవుతుంది. రాయి గుచ్చుకోదు. టైరు రాయి అంచుని ఒరుసుకుంటూ కిందికి జారేటప్పుడు రబ్బరు మీద ముందు ఒక తెల్లటి గీత పడుతుంది, ఆ గీత వెంట రబ్బరు పెదవిలా విచ్చుకుని లోపలి దారాలు కనిపిస్తాయి. గాలి ఇంకా పోలేదు కదా అని అలాగే లాగించకండి. దారాలు కనిపించాయంటే ఆ టైరు హైవే మీద పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. అక్కడే మార్చేయండి.

గాలి కొలిచే మీటరు సొంతంగా ఉండాలి. పెట్రోలు బంకు మీటర్లు ఒక్కోటి ఒక్కో లెక్క చెప్తాయి. వాల్వ్ మధ్య పిన్నుని స్క్రూడ్రైవర్ కొసతో నొక్కి పట్టి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి మీటరు పెట్టి చూడండి. మొదటి టైరు కొలిచాక మీ బండికి ఎన్ని అంకెలకు ఎంత దిగుతుందో తెలిసిపోతుంది, మిగతా మూడూ చకచకా అయిపోతాయి. మే నెల ఎండలో హైవే మీద వచ్చిన టైరు వేడెక్కి 3, 4 పీఎస్‌ఐ ఎక్కువే చూపిస్తుంది. వేడి మీద 24కి దించితే చల్లారాక 20 దగ్గర తేలుతుంది. కాఫీ తాగి, అరగంట ఆగి దించండి. తగ్గించిన గాలితో గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటి తోలొద్దు. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవాలి కాబట్టి బ్యాటరీకి క్లిప్పులు పెట్టి నడిపే కంప్రెసర్ ఒకటి కొనుక్కోండి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నవి నాలుగు పెద్ద టైర్లు నింపేలోపే కాగి ఆగిపోతాయి.

ఊళ్లోనే చేసుకోదగ్గ సాధన

మన బండి స్టీరింగ్ కుడివైపు. ఎడమ ముందు చక్రం ఎక్కడుందో చాలామందికి అంచనా ఉండదు, పార్కింగ్‌లో ఎడమ బంపరు గీతలే సాక్ష్యం. ఖాళీ స్థలంలో ఒక ఖాళీ వాటర్ బాటిల్ పడుకోబెట్టి, దాన్ని ఎడమ ముందు చక్రంతో తొక్కండి. తర్వాత ముందు చక్రానికి తగలకుండా వెనక చక్రంతో మాత్రమే తొక్కండి. మలుపులో వెనక చక్రం ముందు చక్రం దారిలో పోదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. రాతి బాట మీద ముందు చక్రం తప్పించుకున్న రాయి వెనక టైరుని కోసేది ఇందుకే. బాటిల్ చప్పుడు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలిగే దాకా ఈ ఆట ఆడండి.

ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ బ్రేకింగ్ అలవాటు చేసుకోవడానికి గుంటూరు వాళ్లకు కొండవీడు ఉంది. రెడ్డిరాజుల కోటకి వేసిన ఆ ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి, బ్రేకు మీద కాలు వీలైనంత తక్కువ పెట్టి రండి. క్లచ్ తొక్కి దిగే అలవాటు ఉంటే అక్కడే మానుకోవాలి. వారాంతం కాకుండా చూసుకుంటే వెనక హారన్ కొట్టేవాళ్లు తక్కువ.

ఇసుక సాధనకి కృష్ణలో దిగుదామని అందరికీ అనిపిస్తుంది. వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మేటలు ఊరిస్తూనే ఉంటాయి. వద్దు. నదిలో బండి దింపడానికి అనుమతి ఉండదు, పై నుంచి నీళ్లు వదిలితే మేట చుట్టూ పాయలు ఎప్పుడు నిండుతాయో తెలియదు. సూర్యలంక బీచ్ కూడా అంతే, ఉప్పునీళ్లు ఛాసిస్‌ని తినేస్తాయి, పైగా జనం. తెలిసినవాళ్ల తోటలో, పొలంలో ఇసుక నేల ఉంటే అక్కడ నేర్చుకోండి. గుర్తుపెట్టుకోవలసింది మూడు ముక్కలు: వేగం ఒకే తీరున ఉంచాలి, బ్రేకు కొట్టకుండా యాక్సిలరేటర్ వదిలి ఆగనివ్వాలి, చక్రం ఒక్క చుట్టు ఖాళీగా తిరిగినా కాలు తీసేయాలి.

ఈ ఇసుక చదువు విదేశాల్లో నేరుగా పనికొస్తుంది. జావాలో బ్రోమో అగ్నిపర్వతం చుట్టూ ఉన్న బూడిద మైదానం, ఐస్‌లాండ్ లోపలి నల్ల ఇసుక బాటలు, ఇవన్నీ ఇసుక పద్ధతిలోనే తోలాలి. బాలి వెళ్లి బాటూర్ కొండ కింద నల్ల లావా జీపు ఎక్కి వచ్చినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. డ్రైవరు చేతులు కాకుండా కాళ్లు గమనించి ఉంటే అక్కడే సగం పాఠం వచ్చేసి ఉండేది. ఐస్‌లాండ్‌లో అద్దె బండి తీసుకునే ఆలోచన ఉంటే ఒక సంగతి: గుర్తించిన బాట దాటి పక్కకు చక్రం పెట్టడం అక్కడ నేరం.

బాట మీద: దిగు, నడువు, చూడు, అప్పుడు ఎక్కు

రాళ్లు మొదలైన చోట బండి ఆపి దిగండి. ముందున్న యాభై, అరవై అడుగులు కాళ్లతో నడిచి చూడండి. ఊగే రాయి ఏది, నాటుకుని ఉన్నది ఏది, పదును ఏ వైపుకి ఉంది, గడ్డిలో దాక్కున్న గుంట ఉందా. బద్ధకించి సీట్లోంచి మెడ చాపి చూస్తే బానెట్ అవతలి పది అడుగులు కనిపించవు, రాయి ఉండేది సరిగ్గా అక్కడే.

తర్వాత, బయట నిలబడి దారి చూపే మనిషి. మన లారీ క్లీనర్లు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే. 'రానీ, రానీ... లెఫ్ట్ కొట్టు... కొంచెం రైట్ కొయ్యి... ఆపాపాపు!' బాడీ మీద రెండు దెబ్బలంటే పోనీయమని, ఒక్క దెబ్బ అంటే ఆపమని. అదే పద్ధతి పెట్టుకోండి, కాకపోతే చేతి సైగలు కూడా ముందే అనుకోండి, ఇంజిన్ మోతలో మాట వినపడదు. చూపేవాడు ఒక్కడే ఉండాలి. బండిలో వాళ్లు, బయట వాళ్లు, వీడియో తీసేవాళ్లు అందరూ తలో మాట చెప్తే డ్రైవరుకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఆ మనిషి బండికి ముందు, కాస్త పక్కగా, డ్రైవరు కళ్లకు కనపడేలా ఉండాలి. బండికీ రాయికీ మధ్య, బండికీ లోయకీ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు.

రాయిని రెండు చక్రాల మధ్య నుంచి పోనిద్దామనిపిస్తుంది. అది రోడ్డు అలవాటు. పెద్ద రాయి మధ్యలో దూరితే డిఫరెన్షియల్ హౌసింగ్‌కో (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా), ఆయిల్ సంప్‌కో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) తగులుతుంది. రాయి గట్టిగా నాటుకుని ఉంటే చక్రాన్నే దాని మీదకు ఎక్కించండి. అప్పుడు బండి అడుగు కూడా పైకి లేస్తుంది. పదునైన అంచు ఉంటే టైరు పక్కతో ఒరుసుకోకుండా నేరుగా అడుగు భాగం ఎక్కేలా స్టీరింగ్ సరిచేసుకోండి. ఒక రాయి దిగుతున్నప్పుడు స్టీరింగ్ తిప్పొద్దు, పక్క గోడ కోసుకుపోయేది ఎక్కువగా ఆ క్షణంలోనే.

లో రేంజ్, మొదటి గేరు, ఐడిల్ మీద వదిలేయండి. యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నా బరువు వేయొద్దు. క్లచ్ సగం తొక్కి ఆడించొద్దు, కాలిన వాసన వచ్చిందంటే ఆపి పావుగంట చల్లారనివ్వాలి. అద్దాలు దించి ఉంచండి, చక్రం కింద రాయి కదిలిన చప్పుడు కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపల పెట్టకుండా పైన ఆనించండి, రాయి తగిలి స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగితే వేలు విరుగుతుంది. నెమ్మదిగానే కదా పోతున్నాం అని సీటు బెల్టు తీయొద్దు.

ఎక్కుడు నేరుగా ఎక్కాలి, వాలుకి అడ్డంగా కాదు. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే కంగారు పడి క్లచ్ తొక్కకండి. ముందు బ్రేకు నొక్కి పట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, అప్పుడు క్లచ్ తొక్కి రివర్స్ గేరు వేసి, నేరుగా వెనక్కే దిగండి. ఎక్కుడు మధ్యలో బండి తిప్పబోతే పల్టీ కొడుతుంది. దిగుడులో కూడా లో రేంజ్ మొదటి గేరే. ఇంజిన్ పట్టి ఉంచుతుంది, బ్రేకు పని కొంచెమే. వెనక చక్రాలు జారుతున్నట్టు అనిపిస్తే బ్రేకు వదిలి, మనసుకి ఎంత ఎదురనిపించినా, యాక్సిలరేటర్ ఒక చుక్క ఇవ్వండి, బండి మళ్లీ దారిలోకి వస్తుంది.

వానాకాలంలో బసాల్ట్ మీద నాచు పడుతుంది. వేసవిలో సులువుగా ఎక్కిన బండ ఆగస్టులో అడుగు కూడా ఎక్కనివ్వదు. అనంతగిరి వైపు బసాల్ట్ పైన పేరుకున్న ఎర్రటి లాటరైట్ మట్టి కూడా తడిస్తే జారుతుంది. వెళ్లడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది.

నల్లరేగడి తడిస్తే

దీనికి డ్రైవింగ్ టెక్నిక్ ఏమీ లేదు. వెళ్లొద్దు, అంతే.

ఎందుకో చెప్తాను. నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగుళ్లిస్తుంది. ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు మిరప, పత్తి చేల డొంకలు ఏప్రిల్‌లో సిమెంటు లాగే గట్టిగా ఉంటాయి. ఒక్క గట్టి వాన పడిందా, పది గజాలు పోయేసరికి మట్టి టైరు గాళ్లన్నీ పూడ్చేసి, ఎంత ఖరీదు పెట్టిన మడ్ టైరునైనా అప్పడాల కర్రలా నున్నగా చేసేస్తుంది. ఇంకో పది గజాలకి ఆ మట్టి మడ్‌గార్డు లోపల మేటవేసి చక్రాన్నే తిరగనివ్వదు. ట్రాక్టరు పెద్ద చక్రం సన్నగా, లోతుగా దిగి అడుగు గట్టి నేలని అందుకుంటుంది. మన బండికి ఆ పొడుగు లేదు. బండి దిగబడితే రైతు డొంక పాడవుతుంది, ఆ గాళ్లు ఎండిపోయి ఏడాదంతా ఆయన బండిని విసిరేస్తాయి. వానాకాలంలో మబ్బు చూసి వెనక్కి తిరగండి.

వాగు దాటాలంటే

నీళ్లు ప్రవహిస్తుంటే కాళ్లతో దిగి లోతు చూడగలిగినప్పుడే బండి దించాలి. మనిషి నిలబడలేని ప్రవాహంలో బండి కూడా నిలబడదు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారుని తోసుకుపోగలదు, రెండడుగులైతే పెద్ద బండ్లూ పోతాయి. కంపెనీ థార్‌కి 650 మిల్లీమీటర్లని చెప్పిన లోతు నిలకడ నీళ్లకు, అదీ నెమ్మదిగా పోతేనే. వాగులో గేరు మార్చొద్దు, ఆగొద్దు.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లోకి చేరిన నీరు నొక్కుకోదు, పిస్టన్ దాన్ని నొక్కబోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలిచాయో బెజవాడలో అందరికీ తెలిసిందే. అప్పుడు మెకానిక్‌లు మొత్తుకున్న మాట ఇదే, తాళం తిప్పకండి, లాక్కెళ్లండి అని. ఇంజిన్‌లో నీరు చేరి పాడైతే మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి.

దిగబడితే

మొదట కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయండి. చక్రం తిరిగిన కొద్దీ గొయ్యి లోతవుతుంది. పారతో చక్రాల ముందున్న మట్టి తీసి వాలు చేయండి, టైర్లలో గాలి ఇంకొంచెం దించండి, కింద గోనె సంచులో, పలుచటి రాళ్లో వేయండి. సగం సార్లు దీనితోనే వచ్చేస్తుంది. జాకీ మెత్తటి నేలలో దిగిపోకుండా అడుగున వేయడానికి ఒక అడుగు చదరం మందపాటి చెక్క బండిలో ఎప్పుడూ ఉండాలి.

ఇంకో బండితో లాగాలంటే సాగే తాడు వాడండి. ఇనప గొలుసు, బావి మోకు వద్దు. తాడుని ఛాసిస్ హుక్కుకే తగిలించాలి. బంపరుకి, యాక్సిల్‌కి, ట్రెయిలర్ తగిలించే గుండ్రటి బంతికి కట్టకూడదు. ఆ బంతి ఊడి ఫిరంగి గుండు వేగంతో వచ్చి మనుషులు చనిపోయిన ఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల జరిగాయి. తాడు మధ్యలో తడి గోనె సంచి వేయండి, తెగితే ఎగరకుండా పట్టి ఉంచుతుంది. చూసేవాళ్లు తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. జనం చుట్టూ మూగడం మన దగ్గర మామూలే కాబట్టి, వాళ్లని జరిపే పని ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించండి.

ఊరు దగ్గరైతే ట్రాక్టరు వస్తుంది. ట్రాక్టరు అన్న గొలుసు తెచ్చి ఎక్కడ పడితే అక్కడ చుట్టేస్తాడు, 'అన్నా, ఇక్కడ కట్టు' అని హుక్కు మీరే చూపించండి. ఒక్కసారిగా కుదిపి లాగకుండా, గొలుసు బిగిసేదాకా నెమ్మదిగా వచ్చి ఆ తర్వాత లాగమనండి. ముందే ఎంత ఇవ్వాలో మాట్లాడుకుంటే తర్వాత మొహమాటం ఉండదు. డీజిల్ ఖర్చుకి పైన ఇవ్వండి.

అనుమతి, పొలం గట్లు

రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి దించితే అటవీ చట్టం కింద కేసు, బండి సీజ్. ఇటు కొండపల్లి అడవికీ, అటు అనంతగిరి అడవికీ ఇదే లెక్క. మ్యాపులో గీత కనపడింది కదా అని దారి కాదు. స్థానిక అటవీ అధికారిని అడగండి, లేదా సొంత భూమిలో ట్రాక్ నడిపేవాళ్ల దగ్గరకు డబ్బు కట్టి వెళ్లండి. తీసిన గేటు మళ్లీ వేయండి. పశువులు ఎదురైతే ఇంజిన్ ఆపండి. ఎండలో మనిషికి ఐదు లీటర్ల నీళ్లకు తక్కువ తీసుకెళ్లొద్దు. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి, ఆ కొండల మడతల్లో సిగ్నల్ ఉండదు.

తిరిగొచ్చాక

తారు రోడ్డు ఎక్కే ముందు ఫోర్ వీల్ తీసేసి, గాలి స్టిక్కర్ లెక్కకి నింపి, నాలుగు టైర్ల లోపలి వైపు కూడా చేత్తో తడిమి చూడండి. బయటి వైపు కోతలు కనిపిస్తాయి, లోపలి వైపు కోతలే ప్రమాదం. స్టెప్నీ మార్చి ఉంటే ఆ చక్రం నట్లు 50 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి బిగించండి.

ఇల్లు చేరాక బండి అడుగు భాగం కడిగించడం వాయిదా వేయొద్దు. చక్రం లోపలి రిమ్ములో ఒక్కవైపు మట్టి ఎండిపోతే 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందనుకుని షాపుకి పరిగెత్తేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు ఈ మట్టే. ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి. వాగు దాటి ఉంటే డిఫరెన్షియల్ ఆయిల్ చూపించండి, పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే నీళ్లు దూరినట్టే, ఆ వారంలోనే మార్పించాలి.